నాది ఫోను నంబరొక్కటే

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తలో నాకు ప్రతి మనిషి మీదా అనుమానమే. ఉద్యోగం ఇప్పిస్తామని ఫోను చేసేవాళ్లంతా దొంగలేనని మా జమ్మలమడుగులో అందరికీ తెలుసు, నాకు ఇంకాస్త ఎక్కువ తెలుసు. అందుకే పులివెందులలో డ్రిప్పు పైపుల కంపెనీకి మనుషులు కావాలని చిన్నమామ చెప్పినప్పుడు, అసలు ఆ కంపెనీ ఉందా లేదా అని బస్సెక్కి పోయి బోర్డు చూసొచ్చినా. (లోపలికి పోలేదు, బోర్డు వరకే.) బోర్డు నిజమేనని తేలినాక రెజ్యూమె అవసరమైంది. మా ఊళ్లో చేయిస్తే నా సంగతులన్నీ బయటపడతాయని ప్రొద్దుటూరు పోయి ఒక జిరాక్సు అంగట్లో కూర్చున్నా. అంగడాయన నా పేరు, ఫోను నంబరు అడిగి, మిగతాదంతా కంప్యూటర్లో తయారుగా ఉందన్నాడు. ఆధార్ నంబరు మాత్రం ఇవ్వనని, ఆయన అడక్కముందే చెప్పేసినా. చేతికొచ్చిన కాగితంలో నేను పదిమందిని నడిపించే నాయకుణ్ని, ఈతగాణ్ని, మూడు భాషలు గడగడా మాట్లాడేవాణ్ని. నాకు నీళ్లంటే భయం. ఇదంతా నేనేనా అని అడిగితే, “అందరూ అంతేలేప్పా, ఎవురూ చదవరు” అన్నాడు. విచిత్రం, ఆ ఒక్క మాటనే నమ్మినా.

పులివెందులలో మేనేజరు సారు యాభై దాటిన మనిషి. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివినాడు. చదివి, నన్ను ఎగాదిగా చూసి, నా పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పినా. అప్పుడు కాగితం నా వైపు తిప్పి, పై వివరాలన్నీ నిజమేనన్న వాక్యం కింద వేలు పెట్టినాడు. అక్కడ అచ్చయింది ఎవరో అమ్మాయి పేరు. (నాకంటే ముందు ఆమె చేయించుకొని పోయినట్టుంది.)

“ఇందులో నీది ఏముంది నాయనా?”

“ఫోను నంబరు సార్.”

ఆయన నవ్వలేదు. కాగితం వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చి, నిజంగా ఏం చేతనవునో రాయమన్నాడు. అరగంట కూర్చొని మూడు రాసినా: మా చీనీతోటలో డ్రిప్పు మూసుకుపోతే విప్పి కడుగుతాను. మోటరు ఎందుకు కాలిందో చెప్తాను, బాగుచేయలేను. రైతులు తిట్టినా ఎదురు తిట్టను. మూడోది నిజమేనా అని ఆయన అనుమానంగా అడిగితే, ఇంతవరకూ నిజమే సార్ అన్నా. సోమవారం నుంచి పనికి రమ్మన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా, ఇది మోసం కాదని గ్యారంటీ ఏంది సార్ అని అడిగేసినా.

“నేను యాడికీ పోను. ఈడనే ఉంటా, వచ్చి చూసుకో” అన్నాడు.

సోమవారం పోయి చూసుకున్నా. ఉన్నాడు. నన్ను నమ్మి తీసుకున్నాడా, జాలిపడి తీసుకున్నాడా అన్నది ఆయన రిటైరై పోయేదాకా అడగాలనుకుంటూనే ఉన్నా, అడగలేకపోయినా. మొన్న సొరుగు సర్దుతుంటే నా మొదటి గుర్తింపు కార్డు దొరికింది. ఫొటోలో ఒక బక్కపిల్లోడు, కెమెరా కూడా మోసం చేస్తుందేమో అన్నట్టు కళ్లు చిట్లించి చూస్తాండాడు. అంత భయం పెట్టుకొని రోజూ బస్సెక్కినాడు, పాపం.