పెళ్లికార్డు ఆలస్యం ఎవరిది?

వృత్తి అనుభవాలు రాయమని మా ముద్రణ సంఘం పత్రిక అందర్నీ అడిగింది, నన్ను తప్ప. పన్నెండేళ్లుగా పెళ్లికార్డులు డిజైన్ చేస్తున్న సంగతి వాళ్లకు తెలియదట. అందుకే అడగకుండానే రాసి పంపుతున్నాను.

కిందటేడు మాఘమాసం. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మా దుకాణం. పనులన్నీ నేను కంప్యూటర్‌లో ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే హంగులు లేని ఉత్త అక్షరాల ఫైలులో రాసుకుంటాను. కార్డు మొదలుపెట్టగానే ‘క్లాక్ ఇన్’, లేచేటప్పుడు ‘క్లాక్ అవుట్’ అని వేళ వేస్తాను. పని ఎవరి కోసమైనా ఆగితే ఆ వేళా, కారణమూ దాని కిందే చేరతాయి. దుకాణం యజమాని, మా సేఠ్ దీన్ని ‘నీ జాతకం’ అని ఎగతాళి చేసేవారు. నేను మరచిపోలేదు.

ఒక మధ్యాహ్నం కోఠిలో బట్టల వ్యాపారం చేసే యాదగిరి వచ్చారు. కూతురి పెళ్లి దగ్గరపడింది, కార్డు ఇంకా అచ్చుకు పోలేదు.

“ఏంది సేఠ్, గింత లేటా? ఇయ్యాల కాకుంటే అబిడ్స్‌ల వేరే దుకాణం చూసుకుంట.”

సేఠ్ నా వైపు చెయ్యి చూపించారు. “ఏం చేస్తం అన్నా, మావోడు జర నిదానం.”

పన్నెండేళ్ల పేరు ఒక్క మాటతో పోయింది. స్క్రీన్ యాదగిరి వైపు తిప్పాను. “అన్నా, జర గిది చదువున్రి.”

నేను కూర్చుని చేసిన పని ఒక్క పూటకు మించలేదు. మిగతా రోజులన్నిటి మీదా ‘ఆగింది’ అనే ఉంది. ఆయన పైకి చదివారు. “ఆగింది: పేరు కింద పడ్డదని చిన్న బావ అలిగిండు. ఆగింది: పెద్ద బావ పేరు పైకి పోవాలె. ఆగింది: చిన్న బావ మళ్ల అలిగిండు.” తలెత్తి నన్ను చూశారు. “గిదంత రాసినవా తమ్మీ?”

“మీరు ఫోన్‌ల చెప్పిందే రాసిన అన్నా.”

ఆయన పడీపడీ నవ్వి, స్పీకర్ పెట్టి చిన్న బావకు ఫోన్ కలిపారు. “బావా, నీ అలక గీడ కంప్యూటర్ ఎక్కింది.”

స్పీకర్‌లో చిన్న బావ గొంతు వినబడింది. “పేర్లు వయసు లెక్కన ఎయ్యమను. ముందుగాల నా అలక తీసెయ్యమను.”

కార్డు ఆ సాయంత్రమే అచ్చుకు పోయింది. పెళ్లిలో చిన్న బావే నాకు దగ్గరుండి వడ్డించారు. అలక మాత్రం నేను తీసెయ్యలేదు.

పనిచేసిన సమయం ఎవరైనా రాసుకుంటారు. ఆగిన సమయం, ఎవరి కోసం ఆగిందో కూడా రాసుకోవాలని నాకు ఆ రోజు రూఢి అయింది.

ఆ రోజు సేఠ్ నాకు చాయ్ తెప్పించారు కానీ, ‘మావోడు నిదానం కాదు’ అనలేదు. అదీ ఫైలులో ఉంది. ‘ఆగింది: సేఠ్ మాట కోసం.’ సేఠ్ గారూ, ఈ పత్రిక మీ బల్ల మీదికి వస్తుంది. ఇప్పటికైనా జవాబు చెప్పండి, నిదానం ఎవరు?