స్టీలు డబ్బాలో ఓటు

దేశంకాని దేశంలో, హెండర్సన్ అనే ఊళ్ళో మా వంటింటికి ఓనరంటూ విడిగా ఎవరూ లేరు. ఆరుగురు ఆడవాళ్ళం, ఆరుగురమూ ఓనర్లమే. ఫోన్ గ్రూపుల్లో ఆర్డర్లు తీసుకుని లంచ్ బాక్సులు పంపేవాళ్ళం. అంతకుముందు ఒక రెస్టారెంట్‌లో గొడ్డుచాకిరీ చేశాం. మాతో పనిచేసే హైదరాబాద్ ఆంటీ ఒకరోజు సెలవడిగితే, "రేపట్నుంచి రానక్కర్లేదు" అని అందరి ముందూ అనేశాడు ఆ ఓనరు. ఆవిడ ఏప్రన్ విప్పి మా వైపు తిరిగింది.

"ఇంకెన్నాళ్ళు పడతరే? నడువుండ్రి, మనమే వండుదాం, మనమే అమ్ముకుందాం."

నడిచాం.

ఓటు పద్ధతి పెట్టిందీ ఆవిడే. మూతకి చిల్లు పెట్టిన స్టీలు డబ్బా. ఔనంటే శనగ, కాదంటే మినుము, గుప్పిట్లో పట్టుకెళ్ళి వెయ్యాలి. "ఒకరి మొహం చూసి ఒకరు మొహమాటపడొద్దు" అనేది. మెనూ మార్చాలన్నా, క్రిస్మస్‌కి ఎన్నాళ్ళు మూసేయాలన్నా అలాగే తేల్చుకునేవాళ్ళం.

మూడో ఏడు ఆవిడ నాలుకకి రుచి తెలియకుండా పోయింది. నాకొక్కదానికే చెప్పింది. "ఎవ్వరికీ చెప్పకు బిడ్డా. ఈ వయసుల నాకు ఇంకెవరు పనిస్తరు?" కొన్ని నెలలు ఆవిడ సాంబారు నేనే రుచి చూసి పెట్టాను. తర్వాత విసుగొచ్చింది. నిజం చెప్పొద్దూ, మహా విసుగొచ్చింది. ఒకరోజు కావాలనే చూడలేదు. ఉప్పు రెండుసార్లు పడింది, ఆఫీసు లంచ్ ఆర్డరు పోయింది. ఎలా జరిగిందని మిగతావాళ్ళు అడిగితే, ఆవిడ దాచమన్నదంతా కక్కేశాను.

ఆంటీ ఉండాలా వద్దా అని ఓటు పెట్టాం. అంతకుముందు ఆవిడ ఒక్కొక్కరినీ సింక్ దగ్గరికి పిలిచి అడిగింది.

"కూరగాయలు కోస్త, గిన్నెలు తోముత. నువ్వైతే నా దిక్కే కదా?"

"మీ వైపే ఆంటీ, ఒట్టు" అన్నాను, ఆవిడ తడి చెయ్యి పట్టుకుని మరీ. మిగతావాళ్ళూ అదే అన్నారట.

డబ్బా ఎప్పటిలాగే ఆవిడే బోర్లించింది. ఐదు మినుములు, ఒక శనగ. ఆ శనగ ఎవరిదో వేరే చెప్పాలా! ఛీ, ఏం మనుషులం.

ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. గింజలు ఏరి ఏ సీసావి ఆ సీసాలో వేసింది. ఏప్రన్ విప్పి మడతపెట్టింది.

"గా రెస్టారెంటోడే నయం. మొహం మీదనే చెప్పిండు."

ఆవిడ వెళ్ళిపోయాక కూడా మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పొద్దున ఆవిడ పెట్టిన సాంబారు పొయ్యి మీద పొంగుతోంది. దింపి రుచి చూశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.