పేరు చెప్పలేదుగా

మా కాలేజీలో సైకాలజీ బ్లాకు కింద, మెట్ల వెనకాల, ఒక గది ఉండేది. విరిగిన కుర్చీలు, ముక్కలు ఊడిపోయిన ప్లాస్టిక్ మెదడు బొమ్మలు పడేసే గది. సీనియర్లే జూనియర్లకి పాఠాలు చెప్పే పథకం ఒకటి మొదలుపెట్టి, డిపార్ట్‌మెంటువాళ్ళు ఆ గదిని మాకు ఇచ్చారు. ఒక బల్ల దగ్గర నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. పక్క బల్ల దగ్గర ఆమె న్యూరోసైన్స్ చెప్పేది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. ఈగలు తోలుకుంటూ ఆమె పాఠాలే నేను ఎక్కువగా విన్నాను.

అందరూ ఆమెని అగ్గిపుల్ల అనేవాళ్ళు. మనిషీ అలాగే ఉండేది, సన్నగా, నిటారుగా. కానీ ఆ పేరు వచ్చింది కోపం వల్ల. ఆ కోపం ఎప్పుడూ పిల్లల మీద కాదు, పుస్తకం మీద. ఒక వాక్యం మూడుసార్లు చదివినా అర్థం కాకపోతే పుస్తకాన్ని బల్లమీద బోర్లించి, రాసినవాడికి పిల్లలంటే ఏదో పాత పగ ఉందనేది. తర్వాత తన మాటల్లో చెప్పేది. ఒక నాడీకణం సంకేతం పంపాక వెంటనే ఇంకోటి ఎందుకు పంపలేదని ఎవరో అడిగితే, బాత్‌రూములో ఫ్లష్ నొక్కిన వెంటనే మళ్ళీ నొక్కి చూడమంది. ట్యాంకు నిండాలి కదా. ఆ ముక్క విన్నవాడు జన్మలో మర్చిపోడు.

ఆ పేపరు ఆమె కూడా ఒకసారి తప్పింది. ఎక్కడ కాలు జారుతుందో తెలుసు కాబట్టి, పిల్లలు అక్కడికి వచ్చేసరికి ముందే చెయ్యి అందించేది. ఆ ఏడు ఆమె దగ్గర చదివినవాళ్ళు దాదాపు అందరూ గట్టెక్కారు. ఇంట్లో వాళ్ళమ్మ బట్టల షాపుకి ఆల్టరేషన్లు చేసేది. కూతురి కోపం తన తమ్ముడి పోలికని నవ్వేది. ఆ మావయ్య సిటీ బస్సు డ్రైవరు, ఎర్రలైటుని కూడా తిట్టేవాడట.

ఆమె దగ్గరికి వచ్చే జూనియర్లలో ఒకమ్మాయిని సిరా అని పిలిచేవాళ్ళం. ఆ పిల్ల పాఠం వింటూ అరచేతి మీద పెన్నుతో నాడీకణాలు గీసుకునేది. సాయంత్రానికి చెయ్యంతా నీలంగా కొమ్మలు కొమ్మలుగా ఉండేది. మాట తక్కువ. అడిగిన ప్రశ్న మాత్రం సూదిలా దిగేది. అగ్గిపుల్లకి ఆ పిల్లంటే ప్రాణం. పైకి చెప్పేది కాదు గాని, ఆ పిల్ల రావడం ఆలస్యమైతే పాఠం మొదలుపెట్టకుండా మెదడు బొమ్మని ఊరికే విప్పి బిగించేది.

ఒక మధ్యాహ్నం భయాల గురించిన పాఠం నడుస్తోంది. ఏ హానీ చెయ్యని వస్తువు ఒక చెడ్డ అనుభవంతో ముడిపడితే, ఆ తర్వాత దాన్ని చూసినా ఒళ్ళు వణుకుతుంది, పుట్టుకతో వచ్చిన భయం కాదు, నేర్చుకున్న భయం అని చెప్పి, ఎవరైనా ఉదాహరణ ఇమ్మంది. ముందు కూర్చున్న కళ్ళజోడు కుర్రాడు ఠక్కున అందుకున్నాడు.

"లిఫ్టు కేసు, అక్కా."

అదేంటంది ఆమె.

"సార్ చెప్పారు. ఒకమ్మాయి చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో లిఫ్టులో వెళ్తుంటే మధ్యలో ఆగిపోయింది. ఆయనకి లోపలే గుండెపోటొచ్చి పోయారు. తలుపులు తీసేదాకా ఆ అమ్మాయి ఆయన పక్కనే ఉంది. అందుకే ఇప్పటికీ ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వస్తుంది. ఆ అమ్మాయి మన..."

అక్కడ వాడి నోరు ఆగిపోయింది. పక్కనున్న పిల్ల బల్ల కింద వాడి కాలు తొక్కింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. సిరా లేచింది. సంచీ భుజాన వేసుకుంది. తన కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి నెట్టి వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళని అడిగి అగ్గిపుల్ల సంగతి రాబట్టింది. పరీక్ష హాలు కిటికీల్లేని గది. తలుపులు మూస్తే సిరాకి ఊపిరాడదు. తలుపు పక్కన సీటు కావాలని లెక్చరర్ని అడిగింది. కారణం చెప్పమంటే చెప్పింది. ఆయన సరేనన్నారు. తర్వాతి వారం క్లాసులో అదే పాఠానికి అదే కథ చెప్పారు. పిల్లలు నవ్వలేదు, వెక్కిరించలేదు. బుద్ధిగా రాసుకున్నారు. పరీక్షలో మార్కులొస్తాయని.

"రాసుకున్నారా," అంది ఆమె. చేతిలో ఉన్న మెదడు బొమ్మ సగాన్ని బల్లమీద పెట్టి బయటికి నడిచింది. వద్దన్నా వినదని తెలుసు. కనీసం తలుపు దగ్గరైనా నిలబడదామని వెనకే వెళ్ళాను.

ఆ లెక్చరరు చెడ్డవాడేం కాదు. అది ముందే చెప్పాలి. నవ్వుతూ, నవ్విస్తూ పాఠం చెప్పేవాడు. మా పథకం పెట్టించిందీ ఆయనే. ఆమెని చూసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే, లిఫ్టు కథ క్లాసులో ఎందుకు చెప్పారని అడిగింది.

"పేరు చెప్పలేదుగా," అన్నాడాయన.

"మెట్లెక్కి వచ్చేది ఈ కాలేజీ మొత్తంలో ఆ పిల్ల ఒక్కతే సార్. ఇంక పేరెందుకు?"

ఆయన పెన్నుకి మూత పెట్టి ఓపిగ్గా నచ్చజెప్పబోయాడు. నిజంగా జరిగింది చెప్తే పిల్లల బుర్రలో నిలిచిపోతుందట. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది, ఇది శాస్త్రం కదా అన్నాడు. చివర్లో నవ్వి, ఆమె కూడా ఉదాహరణలతోనే చెప్తుందని విన్నానన్నాడు.

"నేను ఫ్లష్ ట్యాంకు గురించి చెప్తాను సార్. ఫ్లష్ ట్యాంకుకి నాన్న ఉండడు."

ఆయన ముఖం మాడింది. నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. బయటికొచ్చాక ఆమె గోడకి వీపానించి, చేతులు పిడికిళ్ళు చేసుకుని చాలాసేపు నిలబడింది. ఇంతటితో వదిలెయ్యమన్నాను. నావైపు చూసిన చూపుకి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. అక్కణ్ణించి తిన్నగా డిపార్ట్‌మెంటు హెడ్ గదికి వెళ్ళింది.

హెడ్ ఆడావిడే. తలుపు మూయించి, మంచినీళ్ళు ఇప్పించి, మొత్తం విన్నది. సిరా ఎవరో ఆవిడకి తెలీదు. ఎవరని అడిగితే ఆమె చెప్పింది. ఏం జరిగిందంటే అదీ చెప్పింది, లిఫ్టు, తండ్రి, పరీక్ష హాలు, అన్నీ. హెడ్ నిట్టూర్చి, ఆ అమ్మాయి సంతకంతో ఫిర్యాదు వస్తే తప్ప తాను చెయ్యగలిగింది ఏమీ లేదంది. అంటే నెత్తురు కారుతున్నవాళ్ళే వచ్చి గాయం చూపించాలన్నమాట, అని ఆమె దారంతా కారాలు మిరియాలు నూరుతూనే ఉంది.

ఆ సంతకం కోసం మర్నాడు సిరా వాళ్ళింటికి వెళ్ళింది. కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు. సిరా లేదు, వాళ్ళమ్మ ఉంది. మందుల షాపులో పనిచేసే మనిషి, అప్పుడే ఇంటికొచ్చి చెప్పులు విప్పుతోంది. కూతురు నిన్న సాయంత్రం నుంచి గదిలోంచి కదలడం లేదు, ఇందాకే బలవంతాన కూరగాయలకి పంపానంది. ఏమైందమ్మా అని ఆవిడ అడగడమే ఆలస్యం, ఈమె కోపం కట్టలు తెంచుకుంది. ఆ లెక్చరరు చేసిన పని మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. వింటూ వింటూ ఆవిడ గోడవారగా కూలబడింది. ఆ రోజు లిఫ్టులో తలుపులు తీసేదాకా నాన్నతో ఏం మాట్లాడిందో కూతురు తనకి ఒక్కసారి కూడా చెప్పలేదట. అడిగితే గుర్తులేదనేదట. అలాంటిది ఆ రోజు సంగతి ఎవరో మాస్టారికి చెప్పిందంటే ఆవిడ నమ్మలేకపోయింది.

కూరగాయల సంచీతో సిరా అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టింది. అమ్మ ముఖం చూసింది, ఈమె ముఖం చూసింది. ఎవరూ విడమర్చి చెప్పే పని లేకపోయింది.

"హెడ్ మేడమ్‌కి కూడా చెప్పావటగా. ఆవిడ ఫోన్ చేసింది."

"నీ కోసమే..."

"సార్ నయం, పేరు చెప్పలేదు. నువ్వు పేరు పెట్టి చెప్పావు. ఇప్పుడు మా అమ్మకి చెప్పావు. నా కోపం నాది అక్కా. నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా నువ్వే తీసేసుకుంటే నేనేం చెయ్యాలి?"

ఇది అగ్గిపుల్ల నాతో చెప్పినప్పుడు కాలేజీ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం. చెప్తూ చెప్తూ ఏడ్చింది, ఆ ఏడుపు మీదా కోపం తెచ్చుకుంది. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క మాట కూడా తీసెయ్యడానికి లేదంది. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్తే, ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే, క్షమించమని అడగడానికి వెళ్ళినప్పుడైనా కాస్త తక్కువ మాట్లాడమందట.

వెళ్ళింది. తక్కువే మాట్లాడింది. తప్పయిపోయిందని చెప్పి గుమ్మం బయటే నిలబడింది. సిరా సరే అనలేదు, పొమ్మనీ అనలేదు. మర్నాడు క్లాసుకి రమ్మని, వచ్చినా నోరు తెరవొద్దని చెప్పింది.

అప్పటికే డిపార్ట్‌మెంటువాళ్ళు అగ్గిపుల్లని పాఠాలు చెప్పొద్దని ఆపేశారు. ప్రవర్తన బాగాలేదట. ఏ పిల్లల పాస్ శాతాన్ని గోడమీద అట్టముక్క మీద రాసి గొప్పలు చెప్పుకున్నారో, ఆ పిల్లలకి చెప్పినామె నుంచే గది తాళం తీసుకున్నారు. అది విని నేను కూడా నా తాళం తిరిగిచ్చేశాను. స్టాటిస్టిక్స్ ఆగిపోయిందని ఎవరూ బాధపడలేదనుకోండి.

మర్నాడు మేమిద్దరం జూనియర్ల క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాం. లెక్చరరు మమ్మల్ని చూసీ చూడనట్టు పాఠం మొదలుపెట్టాడు. కాసేపటికి సిరా లేచి నిలబడింది. డౌటా అని ఆయన అడిగాడు. కాదంది. గొంతు సన్నగా ఉంది గాని తొణకలేదు.

"ఆ లిఫ్టు ఉదాహరణ నాది సార్. తలుపు పక్కన సీటు కోసం మీకు చెప్పాను, పాఠానికని చెప్పలేదు. అది కొట్టెయ్యమని అందరికీ చెప్పండి."

పక్కన అగ్గిపుల్ల పై పళ్ళతో కింది పెదవి కొరుకుతోంది. లెక్చరరు నవ్వేసి, సరే సరే, కొట్టెయ్యండి, ఇంకో ఉదాహరణ ఇస్తాను అన్నాడు, ఏదో తేదీ తప్పు పడితే దిద్దుకోమన్నట్టు. ఆ నవ్వుకి అగ్గిపుల్ల బెంచీ మీంచి సగం లేచింది. నేను పట్టుకోవాల్సిన పని లేకపోయింది. సిరా వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. ఈమె కూర్చుంది. అంత కష్టపడి కూర్చున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కొందరు కొట్టేశారు. కొందరు కొట్టెయ్యలేదు. కళ్ళజోడు కుర్రాడు ఆ కాగితమే చింపేశాడు. సిరా కూర్చుని పాఠం చివరిదాకా విన్నది.

ఆ తర్వాత క్యాంటీన్‌లో భోజనాల వేళ దాటాక ఒక మూల బల్ల దగ్గర చదువు మళ్ళీ మొదలైంది. పథకం లేదు, తాళం లేదు. టీ చేసే ఆయన బల్ల తుడిచినప్పుడల్లా పుస్తకాలు ఎత్తాల్సి వచ్చేది. సిరా ఆ అధ్యాయం అసలు తెరవలేదు కాబట్టి అదే ముందు చెప్పమంది. అగ్గిపుల్ల ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వకుండా చెప్పడానికి నానా తంటాలు పడింది. చివరికి సిరాయే విసుగొచ్చి, "ఏదో ఒకటి చెప్పక్కా, బొద్దింక గురించైనా చెప్పు," అంది. ఆ రోజు బొద్దింకతోనే గట్టెక్కారు. సిరాకి పరీక్షలో తలుపు పక్కనే సీటు దొరికింది. మార్కులు ఓ మాదిరిగా వచ్చాయి. పై ఏడు ఇంకా బాగా వచ్చాయి.

ఆ లెక్చరరు మీద ఏ చర్యా లేదు. అగ్గిపుల్లకి పాఠాలు చెప్పే అనుమతి తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడామె పక్షవాతం వచ్చినవాళ్ళకి మాటలు నేర్పే చోట పనిచేస్తోంది. చూసి నేర్చుకోవడానికి స్టూడెంట్లు గుంపుగా వస్తారు. లోపలున్న మనిషిని అడగందే ఒక్కణ్ణి కూడా గుమ్మం దాటనివ్వదని, ఎందుకని అడిగితే ఒంటికాలి మీద లేస్తుందని పేరు పడింది. మాటే రాని మనిషిని అడిగేదేంటని ఒక పెద్ద డాక్టరు విసుక్కుంటే, తల అడ్డంగా ఊపడం వచ్చుకదా అందట.

మొన్న ఆ లెక్చరరు రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి పాత విద్యార్థులందర్నీ పిలిచారు. అగ్గిపుల్ల వెళ్ళలేదు. పిలుపు చూసి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సిరా వెళ్ళింది, వెళ్ళి ముందు వరసలో కూర్చుని వచ్చింది. అది తెలిసి ఈమె ఫోన్లో దులిపేసింది. ఎలా వెళ్ళబుద్ధయిందే నీకు, నాకు ఇప్పటికీ ఆయన గొంతు వింటే ఒళ్ళు మండుతుంది అని.

"నాకూ మండుతుందక్కా," అందట సిరా. "అందుకే ముందు వరసలో కూర్చున్నా. మాట్లాడినంతసేపూ ఆయన నావైపు చూడలేకపోయాడు."