నూకయ్య బూట్లు

నూకయ్యను బెంచీ మీద కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. ఎచ్చెర్ల దగ్గర మా నైపుణ్య శిక్షణ కేంద్రంలో ఇరవై మందికి నేను చెప్పే మూడు రోజుల క్లాసు. రెండు నిమిషాలు కూర్చుంటాడు, లేచి కిటికీ దగ్గరకు పోతాడు. పాతికేళ్లుగా తీరంలో బోటు ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి. కాకినాడలో ఓ కంపెనీ ఉద్యోగమిస్తానంది, సర్టిఫికెట్ తెమ్మంది. పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి ఆ కాగితమిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 2017లో మా దగ్గర నడిచేది.

“ఇరవయ్యో తారీకులోగా సూపించాలంట బాబూ. వస్తాదంటావా?” రోజుకు పదిసార్లు ఇదే ప్రశ్న.

“నీకు రాకపోతే ఇంకెవడికొస్తుందయ్యా! కూర్చో ముందు” అని కసిరేవాడిని.

పరీక్ష రోజు వచ్చింది. మా ఆవరణలో దిమ్మల మీద నిలబెట్టిన పాత చెక్క బోటులో ఇంజను అదురుతూ నడుస్తోంది. లోపమేమిటో కనిపెట్టాలి. నూకయ్య మేమిచ్చిన బూట్లు విప్పేసి, బోటుకు దండం పెట్టి ఎక్కాడు. కాళ్లకు చెప్పులతో బోటెక్కితే గంగమ్మ తల్లి ఊరుకోదని వాళ్ల నమ్మకం. ఒక్క నిమిషం కదలకుండా నిలబడ్డాడు. ఆయన అలా నిలబడగా చూడటం నాకదే మొదలు.

“ఎనక సిలిండరుకి డీజిలు అందట్నేదు” అన్నాడు. సరిగ్గా అదే లోపం.

“బూట్లు లేవు. భద్రతలో సున్నా. ఫెయిల్” అన్నాడు బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి.

నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు పోయేలా అరిచాను. చివరికి అధికారి మెత్తబడి, ఇంకో లోపం పెడతాను, బూట్లతో ఎక్కి చెప్పమన్నాడు.

నూకయ్య కిందికి దిగి బోటు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. “తప్పు కాయి తల్లీ” అని లెంపలేసుకుని బూట్లతో ఎక్కాడు. హమ్మయ్య అనుకున్నాను. ఐదు నిమిషాలైంది, పదైంది. ముందుకు పోతాడు, వెనక్కి వస్తాడు, కాలు మార్చి నిలబడతాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

“ఏటయింది నూకయ్యా?”

“ఏటీ తెల్డం నేదు బాబూ. బోటు బల్ల మీద ఒట్టి కాలు ఆన్తేనే ఇంజను సంగతి నాకు తెలస్తాది. ఈ బూట్లతో ఏటీ తెల్డం నేదు.”

పాతికేళ్ల విద్య ఆయన అరికాళ్లలో ఉంది. మూడు రోజులు పాఠం చెప్పిన నేను, లోపం ఎలా పసిగడతావని ఒక్కసారైనా అడగలేదు. బూట్ల గురించి మాత్రం గంటసేపు చెప్పాను.

అధికారి అందరి ఫలితాలూ రాసిన కాగితం నా ముందుకు తోశాడు. నేను సంతకం పెట్టకపోతే మిగతా పంతొమ్మిది మంది ఫలితాలూ ఆగిపోతాయట. నూకయ్య దిగివచ్చి, బూట్లు జతగా నా కుర్చీ పక్కన పెట్టాడు.

“పోన్లే బాబూ, పెట్టీయి” అన్నాడు.

ఆయన పేరుకు ఎదురుగా ‘పని రాదు’ అని రాసి ఉంది. కింద నేను సంతకం పెట్టాను.