తిరిగి రావలసిన కూత

తునికాకు కాలం వచ్చిందంటే ఇప్పటికీ ముందు నా చెవులు భయపడతాయి. కళ్లు ఆ తర్వాతే.

మూడేళ్ల కిందటి ఎండాకాలం. కారేపల్లి అవతలి అడవిలో బీడీల ఆకు కోయడానికి ఆరుగురు ఆడవాళ్లం ఒక జట్టుగా కుదిరాం. నేనూ, మా తోటికోడలూ, ఇంకొకామె ఒక ఊరివాళ్లం, ముగ్గురు గుట్ట కింది గూడెం వాళ్లు. పెద్దదాన్ని, మూడో తరగతి దాకా చదివి సంతకం పెట్టగలదాన్ని అని నన్ను జట్టుకు మేస్త్రీగా పెట్టారు.

జట్టన్నది పేరుకే. నీళ్లు తాగేటప్పుడు వాళ్లు ఒక చెట్టు కింద, మేము ఇంకో చెట్టు కింద. వాళ్లు కోయ భాషలో ఏదో అనుకుని నవ్వితే, మా తోటికోడలు అది తన మీదేనని మూతి ముడుచుకునేది. కలపాలని నేనూ చూడలేదు. పని జరిగితే చాలనుకున్నాను.

గూడెం వాళ్లకు ఒక అలవాటుంది. ఆకు కోస్తూ తలోవైపు చెదిరాక ఒకామె "కూ" అని కూత పెడుతుంది. దగ్గర్లో ఉన్నామె అందుకుంటుంది, ఆమె నుంచి ఇంకొకామె. కూత అందరినీ చుట్టి మొదటామె దగ్గరికి తిరిగి రావాలి. రాకపోతే అందరూ పని ఆపేస్తారు. నాకది ఆటలాగా కనబడింది. ఎండ ముదిరితే ఆకు వాడుతుంది, పొద్దుటి చల్లదనం ఎంతసేపుంటుంది గనక!

"కూతలు పెట్టేటోళ్లకు కాదమ్మా కూలి, కోసేటోళ్లకు. నోళ్లు మూసి చేతులాడించుండ్రి" అన్నాను మొదటి రోజే.

వాళ్లలో పెద్దామె నా వైపు చూసింది. "అడవిల గమ్మునుంటే ఎట్ల పెద్దమ్మా?"

"ఉండాలె. గంతే."

ఉన్నారు. నాలుగు రోజులు అడవి కూడా నా మాట విన్నట్టే ఉంది.

అయిదో రోజు వాగు ఒడ్డున లేతాకు కనబడింది. చిల్లు లేదు, మచ్చ లేదు. అంత మంచి ఆకును వదిలి రావడం నా వల్ల కాలేదు. పొద నుంచి పొదకు వంగి వంగి వాగులోకి దిగిపోయాను. నడుముకు కట్టిన పాత చీర నిండాక తలెత్తితే, ఎటు నుంచి వచ్చానో తెలియలేదు. ఫోనులో సిగ్నల్ లేదు.

అప్పుడు వినబడింది. మట్టిలోంచి ఎవరో గాలిని గట్టిగా పీల్చినట్టు. పది బారల దూరంలో ఎలుగుబంటి చెదల పుట్టను తవ్వుతోంది. నాకు దాని వీపు మాత్రమే కనబడుతోంది.

అరిస్తే అది వింటుంది. అరవకపోతే నేనిక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేనే. ఆకు కట్టలు ఆరబెట్టే కల్లం దగ్గర అందరూ కలిసేదాకా నన్ను వెతికేవాళ్లు లేరు. అప్పటిదాకా ఆ వీపు ఇటు తిరగకుండా ఉంటుందా? చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు.

దూరంగా "కూ" అని వినబడింది. గూడెం పెద్దామె గొంతు. నేను వద్దన్న కూత. దాన్ని ఇంకొకామె అందుకుంది. మూడోది మా తోటికోడలిది. బొంగురు గొంతు, బర్రెను తోలినట్టుంది. తర్వాత ఇంకో రెండు. ఆపైన ఏమీ లేదు. ఆరోది నాది.

ఎలుగు తలెత్తింది.

నోరు తెరిచాను. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి "కూ" అన్నాను, పసిపిల్ల ఏడ్చినట్టు. అది నా వైపు తిరిగింది. మట్టి అంటిన మూతి చూశాను. ఇక అయిపోయిందనుకున్నాను.

అంతలో అయిదు గొంతులూ ఒక్కసారే లేచాయి, తలా ఒక దిక్కు నుంచి, కర్రలతో చెట్లను బాదుకుంటూ. ఎలుగు అటూ ఇటూ ఊగి, చప్పుడు లేని వైపు చూసుకుని వాగు అవతలి పొదల్లోకి పోయింది.

వాళ్లు వచ్చేసరికి నేను కూలబడి ఉన్నాను.

"ఇగో, పాణం పోతున్నా ఆకు మూట ఇడువలే మా అక్క!" అంది తోటికోడలు. నవ్వబోయి ఏడ్చింది.

"నేను తప్పిపోయిన్నని మీకెట్ల ఎరుక?"

"నీ తిట్లు ఇనబడక శానసేపయ్యింది పెద్దమ్మా" అంది గూడెం పెద్దామె. "అనుమానమొచ్చి మీవోళ్లిద్దరికి గూడ కూత నేర్పిన. ఈమె రాదంటే, బర్రెను పిలిచినట్టే పిలువమన్న."

ఆ రోజు ఒకే చెట్టు కింద నీళ్లు తాగాం. రమ్మని ఎవరూ పిలవలేదు. విడిగా కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మరునాడు పనికి పోబుద్ధి కాలేదు. అయినా పోయాను. అందరం చెదిరాక అడవిలో చప్పుడు లేదు. నేను వద్దన్న మాట ఇంకా అలాగే ఉంది. దాన్ని తీసేయాల్సిందీ నేనే. "కూ" అన్నాను. ఒకటి అందింది. రెండు. మూడు. నాలుగు. తర్వాత ఏమీ లేదు. నా చేతిలో ఆకు నలిగిపోయింది.

అయిదోది వచ్చింది, బొంగురుగా, బర్రెను తోలినట్టు.

అప్పుడు గానీ ఇంకో ఆకు మీదికి చెయ్యి పోలేదు.