గుండె వెలుగు చాటున దాగిన గ్రంథి

2022లో, కోవిడ్ వార్డులు ఒక్కొక్కటిగా మూసేసి ఆసుపత్రులు మళ్లీ మామూలు రోగులకు అలవాటు పడుతున్న రోజుల్లో, ప్రొద్దుటూరులో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి సెల్లారులోకి ఒక కొత్త యంత్రం దిగింది. దాన్ని స్పెక్ట్-సీటీ అంటారు. నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ని. మా సొంతూరు జమ్మలమడుగు. నేను చదివిన చదువు పేరు వినగానే మా వీధిలో వాళ్లు ఇప్పటికీ అణుబాంబు గురించి అడుగుతారు కాబట్టి, ముందు నా పనేమిటో రెండు మాటల్లో చెప్పాలి.

ఎక్స్‌రేలో కిరణాలు బయటి నుంచి ఒంట్లోకి వెళతాయి. మా దగ్గర అవి ఒంట్లో నుంచి బయటికి వస్తాయి. కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న మందును నరంలోకి ఎక్కిస్తాం. మేం వెతుకుతున్న భాగం ఆ మందును పీల్చుకుంటే, అక్కడి నుంచి వచ్చే కిరణాలను గామా కెమెరా పట్టుకుని బొమ్మగా చూపిస్తుంది. పాత కెమెరాల్లో ఈ బొమ్మ బల్లపరుపుగా ఉండేది. ఒంట్లో ముందున్నవీ వెనకున్నవీ ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. స్పెక్ట్‌లో కెమెరా మనిషి చుట్టూ తిరుగుతుంది కాబట్టి లోతు తెలుస్తుంది. దానికి సీటీని జత చేస్తే, వెలిగే చుక్క ఏ ఎముక వెనక, ఏ రక్తనాళం పక్కన ఉందో కూడా తెలుస్తుంది.

ఆ యంత్రం వచ్చిన కొత్తలోనే పులివెందులలోని ఒక ఫిజీషియన్ సుభద్రమ్మను మా దగ్గరికి పంపించాడు. యాభై దాటిన మనిషి. పులివెందులకు దగ్గర్లో ఒక పల్లెలో వాళ్లకు చీనీ, అంటే బత్తాయి, తోట ఉంది. భర్త నాగిరెడ్డి ఆమెను చెయ్యి పట్టుకుని మెట్లు దింపి తీసుకొచ్చాడు. ఆమె కుడి మణికట్టుకు కట్టు ఉంది. నీళ్ల బిందె ఎత్తబోతే ఎముక విరిగిందట. మెడ మీద అడ్డంగా ఒక పాత కుట్ల గీత.

"ఈయమ్మకు ఏమైందో మాకైతే అర్థం కాలేదు మేడమ్" అన్నాడు నాగిరెడ్డి. "మునుపు కూలోళ్లకంటే ముందు తోటలో ఉండేది. ఇప్పుడు మంచం దిగాలంటే శానా కష్టపడతాది. తోటలో డ్రిప్పు నీళ్ల వాల్వు తిప్పి మర్చిపోతాది. ఏందే అంటే ఏడుస్తాది."

సుభద్రమ్మ నేల వైపు చూస్తూ చెప్పింది. "మా ఊర్లో బోరు నీళ్లు తాగినోళ్లందరికీ కీళ్లు పట్టుకుంటాయి. నాకూ అంతే అనుకుంటి. కిడ్నీలో రాళ్లు రెండు తూర్లు తీసిరి. ఇదేందో గ్రంథి అని గొంతు కోసిరి. ఆడ ఏమీ లేదనిరి. ఇంగ ఈడ ఏం వెదుకుతారమ్మా?"

ఆమె రక్తపరీక్షలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కాల్షియం ఎక్కువ. పారాథైరాయిడ్ హార్మోన్ ఇంకా ఎక్కువ. మన మెడలో థైరాయిడ్ వెనక బఠాణీ గింజ కంటే చిన్నవి నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియం ఎంతుండాలో చూసుకునేది అవే. వాటిలో ఒకటి అదుపు తప్పి పెరిగితే ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, కిడ్నీలో రాళ్లు పడతాయి, మనిషికి నీరసం, మతిమరుపు, దిగులు మొదలవుతాయి. ఆ ఒక్క గ్రంథిని తీసేస్తే జబ్బు నయమవుతుంది. కష్టమంతా అది ఎక్కడుందో కనుక్కోవడంలోనే.

అంతకుముందు వేరే ఊళ్లో ఆమెకు పాతరకం కెమెరాతో స్కాన్ చేశారు. ఫిల్ములు తెచ్చారు. వాళ్లు చేసిన పనిలో తప్పేమీ లేదు. మెడ శుభ్రంగా ఉంది. కింద ఛాతీలో గుండె మాత్రం తెల్లగా వెలుగుతోంది. మేం వాడే సెస్టామిబి అనే మందును గుండె కండరం కూడా బాగా పీల్చుకుంటుంది. అదేమీ వింత కాదు. అయినా ఆ ఫిల్మును లైటుకు పెట్టి చాలాసేపు చూశాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఈ గ్రంథులు పైనుంచి కిందికి జారి మెడ దగ్గర ఆగుతాయి. అరుదుగా ఒకటి ఆగకుండా ఛాతీలోకి దిగిపోతుంది. అలా దిగి గుండెకు దగ్గర్లో ఉంటే, బల్లపరుపు బొమ్మలో ఆ వెలుగు చాటున అది కనపడదు.

మా టెక్నాలజిస్ట్ ఇర్ఫాన్‌తో కలిసి స్కాన్ చేసే పద్ధతిని మార్చుకున్నాం. మామూలుగా మందు ఎక్కించాక రెండు మూడు గంటలు ఆగి తీసే బొమ్మ మీదే ఎక్కువగా ఆధారపడతారు. థైరాయిడ్ అప్పటికి మందును వదిలేస్తుంది, జబ్బు గ్రంథి పట్టుకుని ఉంటుంది. కానీ కొన్ని జబ్బు గ్రంథులు కూడా త్వరగానే వదిలేస్తాయి. అందుకని మందు ఎక్కించిన కాసేపటికే ఒక స్పెక్ట్-సీటీ, ఆగి మరొకటి తీయాలనుకున్నాం. అదీ మెడ వరకే ఆపకుండా, దవడ నుంచి గుండె అడుగు దాకా.

సూది వేసే ముందు సుభద్రమ్మ నా కోటుకున్న బ్యాడ్జిని చూసింది.

"ఆ బిళ్ల మా అల్లుడు కూడా పెట్టుకుంటాడు. తుమ్మలపల్లె యురేనియం గనిలో పని చేస్తాండాడు. మీకెందుకమ్మా అది?"

"నేనూ రేడియేషన్ దగ్గరే కదా పని చేసేది. ఎంత తగిలిందో దీన్ని చూస్తే తెలుస్తుంది."

"అట్లయితే నాకు ఎక్కించేది ఆ గనిలోదేనా?"

ఆ వైపు మనుషులకు ఊరికే ఏం కాదులే అని చెప్తే సరిపోదు. ఆ మాట వాళ్లు చాలాసార్లు విని ఉంటారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇది యురేనియం కాదని, ఈ మందులో కలిపేది టెక్నీషియం అని, అది ఆరు గంటల్లో సగం తగ్గిపోతుందని, మరుసటి రోజుకు లెక్కలోకి రానంత మిగులుతుందని చెప్పాను. రేడియేషన్ బొత్తిగా తగలదని మాత్రం చెప్పలేదు. ఎంత తగులుతుందో, ఎందుకు తగిలించక తప్పదో చెప్పాను.

ఆమె చివరిదాకా విన్నది. "నువ్వు చెప్పింది అర్థమయ్యిందిలే తల్లీ. నాకు భయం సూదికి కాదు. మళ్లీ ఏమీ లేదంటారని."

"అంటే ఏమవుతుందమ్మా?"

"ఏముంది. ఏమీ లేనిదానివి ఎందుకు పండుకున్యావు, లెయ్యి అంటారు."

నాగిరెడ్డి లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

మొదట మామూలు బల్లపరుపు బొమ్మ తీశాం. మెడలో మళ్లీ ఏమీ లేదు. ఇర్ఫాన్ స్పెక్ట్‌కు కెమెరాను సిద్ధం చేశాడు. కెమెరా తలలు ఆమె చుట్టూ నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టాయి. ఆమె కళ్లు మూసుకుని పడుకుంది. కంప్యూటర్ బొమ్మలను పొరలుగా విడదీశాక నేను మెడ నుంచి ఒక్కో పొరే కిందికి దిగుతూ చూశాను. రొమ్ముటెముక వెనక, గుండెకు పైన, పెద్ద రక్తనాళాల ముందు ఒక చిన్న చుక్క. గుండె వెలుగును తగ్గించి చూస్తే ఇంకా స్పష్టంగా విడిపోయింది. సీటీలో సరిగ్గా అదే చోట చిక్కుడు గింజంత కణితి.

రెండు మూడు గంటలాగి రెండోసారి తీసిన స్పెక్ట్‌లో ఆ చుక్క దాదాపు ఆరిపోయింది. మొదటి స్పెక్ట్-సీటీ తీయకపోయి ఉంటే మేమూ దాన్ని చూసేవాళ్లం కాదు.

ఆమెకు వెంటనే చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఎందుకంటే ఆ చుక్క ఇంకేదైనా కావచ్చు. ఛాతీలోని లింఫ్ గ్రంథులు, రొమ్ముటెముక వెనకుండే థైమస్ గ్రంథిలో వచ్చే గడ్డలు కూడా ఒక్కోసారి ఈ మందును పీల్చుకుంటాయి. నా రిపోర్టు మీద ఆధారపడి ఒకరు ఆమె ఛాతీ తెరవాలి. తిరుపతిలో ఉండే ఛాతీ సర్జన్‌కు బొమ్మలు పంపి ఫోన్ చేశాను.

"ఎంత గట్టిగా చెప్పగలరు మేడమ్?" అని అడిగాడాయన. "ఒకసారి మెడ కోసి ఏమీ దొరకలేదన్నారు. నేను ఛాతీలోకి వెళ్లాక కూడా దొరకకపోతే ఆమెకేం చెప్పాలి?"

"పారాథైరాయిడే అని బొమ్మ ఒక్కదాన్ని పట్టుకుని చెప్పలేను సార్. రక్తపరీక్షలు, ఖాళీగా ఉన్న మెడ, ఈ చుక్క, మూడూ కలిపి చూస్తే ఇంకోటి అనుకోవడం కష్టం. ఒకసారి రక్తనాళాలు కనిపించే కాంట్రాస్ట్ సీటీ కూడా చేయిద్దాం."

ఆ సీటీలో అదే చోట అదే కణితి, దానిలోకి వెళ్లే సన్నటి రక్తనాళంతో సహా కనిపించింది. అప్పుడు గట్టిగా రాశాను. చోటు అంత కచ్చితంగా తెలియడంతో సర్జన్ ఆపరేషన్ పథకమే మార్చుకున్నాడు. రొమ్ముటెముకను నిలువునా కోయాల్సిన పని లేకుండా, పక్కటెముకల మధ్య నుంచి చిన్న గొట్టాలు దింపి తీయొచ్చన్నాడు. గుల్లబారిన ఎముకలున్న మనిషికి అది చిన్న తేడా కాదు.

ఇదంతా భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పినప్పుడు నాగిరెడ్డి చాలా ప్రశ్నలు అడిగాడు. సుభద్రమ్మ ఒక్కటే అడిగింది. "అయితే ఉండాదా?"

"ఉందమ్మా."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జబ్బు ఉందని తెలిసి తేలికపడి ఏడ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆపరేషన్ రోజు గ్రంథిని తీసిన కాసేపటికి అక్కడే రక్తం పరీక్షించారు. హార్మోన్ సగానికి పైగా పడిపోయిందని సర్జన్ నాకు ఫోన్ చేసి చెప్పాడు. తర్వాతి రోజుల్లో పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కి ఆమె భయపడింది. ఎన్నో ఏళ్లుగా కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు ఒక్కసారిగా దాన్ని వెనక్కి లాక్కుంటే అలా అవుతుంది. మా వాళ్లు దాన్ని ఎముకల ఆకలి అంటారు. కొన్ని వారాలు కాల్షియం మాత్రలు దండిగా ఇచ్చి గట్టెక్కించారు.

కొన్ని నెలల తర్వాత ఇద్దరూ వచ్చారు. మణికట్టు అతుక్కుంది. ముఖం కాస్త నిండింది. కూర్చోకముందే సుభద్రమ్మ అడిగింది. "నాకు ఆ బొమ్మ చూపించమ్మా. అందరూ చూసిరి, నేను చూళ్లేదు."

తెర మీద తెరిచి చుక్కను చూపించాను. ఆమె ముందుకు వంగింది.

"ఇంతేనా? ఇంతదేనా ఇన్నేండ్లు నన్ను తినింది?"

నాగిరెడ్డి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నేనూ అన్న్యా మేడమ్, శానా తూర్లు. పనికి వెనకాడతాండాదని, యాషాలేస్తాండాదని" అన్నాడు. అది నాతో అన్న మాట కాదని ముగ్గురికీ తెలుసు. సుభద్రమ్మ ఆయన వైపు తిరగలేదు. వేలు తెర మీద పెట్టి, "ఆ తెల్లగా ఉండేది గుండెనా?" అని నన్నడిగింది. అవునన్నాను. కాసేపటికి, "నువ్వు కూడా దగ్గరికొచ్చి చూడు" అంది ఆయనతో.

ఆ తర్వాత మా విభాగంలో ఇలాంటి రోగులందరికీ మొదటి స్పెక్ట్-సీటీని తొందరగా, దవడ నుంచి గుండె దాకా తీయడం అలవాటు చేసుకున్నాం. గ్రంథి మందును తక్కువగా పీల్చుకుంటున్న సందర్భాల్లో రోగి ఎంతసేపు కదలకుండా పడుకోగలడో చూసి కెమెరా వేగాన్ని మారుస్తాం. ఇవి పనివాళ్లు చేసుకునే చిన్న సర్దుబాట్లు. ఎక్కడైనా ఒకరు ఇంతకంటే బాగా చేస్తూనే ఉంటారు.

సుభద్రమ్మ నాకు నేర్పింది మాత్రం యంత్రం గురించి కాదు. అన్ని బొమ్మలూ తీశాక కూడా ఏమీ దొరకని రోగులు ఇప్పటికీ వస్తారు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెతికానో నా ఒంటి మీదే వేలితో చూపిస్తాను. "ఇంతవరకు చూసినాం. ఈ చోట్లలో కనపడలేదు. నీ నొప్పి నిజమే. అది యాడుండాదో మాకింకా తెలీలేదు" అంటాను. మిగతా మాటలు ఊరికే వింటూ ఉంటారు. నొప్పి నిజమే అన్నచోట మాత్రం తలెత్తి, వెంట వచ్చిన వాళ్ల వైపు చూస్తారు.