పొద్దున లేని చప్పుడు

పెద్ద మేడం పోయారన్న కబురు నాకు చెప్పింది మా బడి పాత అటెండరు. ఫోన్‌లో ఆ గొంతు మొదట గుర్తుపట్టలేదు. "మేడం పోయిన్రు టీచరమ్మా. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నరట, గంతే. రేపు పొద్దుగాల తీసుకపోతరు. కామారెడ్డి ఇంటికాడికే రండి" అన్నాడు. ఇంకేదో అడగబోతుంటే ఆయన ఏడుస్తున్నాడని తెలిసింది. మేడం కోసం ఆయన ఏడవడం తెలియనివాళ్లకు మామూలు సంగతే. అప్పట్లో ఆ బడిలో పనిచేసిన మాకు మాత్రం కాదు. అందుకే ఇది రాయాలనిపించింది.

ఎనభైలలో ఎల్లారెడ్డి హైస్కూలుకు ఆమె హెడ్మిస్ట్రెస్. నేను కొత్తగా చేరిన తెలుగు టీచర్ని. మేడంకు దేనిమీదా ఊరికే నమ్మకం కుదిరేది కాదు. గదికి తాళం వేశాక లాగి చూసేవారు, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ లాగేవారు. సుద్దముక్కల పెట్టె వస్తే పైవి తీసి అడుగున ఉన్నవి విరిగాయేమో చూసేవారు. ఎవరైనా ఆమె చీర బాగుందంటే, "ఏం గావాలె, సెలవా?" అని అడిగేవారు. "చూసినంకనే ఒప్పుకుంట" అనేది ఆమె రోజూ అనే మాట.

ఒకసారి జ్వరమని సెలవు అడిగితే నన్ను దగ్గరికి పిలిచి నుదుటి మీద చెయ్యి పెట్టారు. అబద్ధమేమోనని చూస్తున్నారని నాకు రోషం వచ్చింది. ఒళ్లు కాలుతోందని తెలిశాక మాత్రం ఇంకెవరికీ అప్పగించలేదు. తన క్లాసు ఇంకొకరికి ఇచ్చి, స్వయంగా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. అక్కడ ఆ డాక్టరు రాసిన మందుల మీద కూడా ఆమెకు అనుమానమే.

మేము కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి రోజూ వెళ్లి వచ్చేవాళ్లం. బస్సుకు వేళాపాళా ఉండేది కాదు. అది రాకపోతే రోడ్డు మీద తిరిగే జీపుల్లో ఇరుక్కుని పోవాలి. విసుగొచ్చి మేడం నలభై ఏళ్లు దాటాక డ్రైవింగు నేర్చుకున్నారు. దోమకొండలో ఒకాయన దగ్గర పాత తెల్ల కారు కొన్నారు. అప్పటినుంచి నేనూ హిందీ టీచరూ ఆమెతోనే వెళ్లేవాళ్లం. కారును ఆమె చాలా ముద్దుగా చూసుకునేవారు. తెల్లవారుజామునే లేచి, చక్రాల లోపలిదాకా నీళ్లు కొట్టి కడిగాకే బయటికి తీసేవారు.

ఒక ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఎండాకాలం సెలవులై బడి తెరిచాక చప్పుడు మొదలైంది. నూనె లేని గిలక తిరిగినట్టు కీచు కీచుమని, గుంత వచ్చిన ప్రతిసారీ. విచిత్రమేమిటంటే పొద్దున వెళ్లేటప్పుడు ఉండేది కాదు. సాయంత్రం బడి గేటు దాటామో లేదో మొదలై, ఇంటిదాకా వచ్చేది.

మేడం మొదట మమ్మల్నే అనుమానించారు. నా గాజులు తీయించారు. హిందీ టీచరు టిఫిన్ డబ్బాను తన ఒళ్లో పెట్టుకుని నడిపారు. సీట్లు మార్పించారు. చప్పుడు పోలేదు. ఆదివారం కారును శుభ్రంగా కడిగి సిరిసిల్ల రోడ్డులోని షెడ్డుకు తీసుకుపోతే, అక్కడ కిక్కురుమనలేదు. మెకానిక్ ఊరంతా తిప్పి చూసి, బండి మంచిగనే ఉందని, మేడంకే ఎక్కడో వినబడుతోందని నవ్వాడట. మూడుసార్లు అదే జరిగింది. మళ్లీ తన దగ్గరికి రప్పించుకోవడానికి వాడే ఏదో వదులు చేసి పెట్టాడని కొన్నాళ్లు మెకానిక్‌ను అనుమానించారు.

తర్వాత ఒక సాయంత్రం లింగంపేట దాటాక ఉన్నట్టుండి అన్నారు: "పొద్దున లేనిది సాయంత్రం వస్తున్నదంటే, నడుమ ఎవలో చెయ్యి పెడుతున్నరు."

ఆ మాటతో కారులో గాలి మారిపోయింది. పగలంతా కారు ఉండేది బడి ఆవరణలో. అక్కడ తిరిగేది అటెండరు. లింగంపేట మనిషి, మాకంటే ముందునుంచీ ఆ బడిలో ఉన్నవాడు. ఆయన బామ్మర్ది ఆ దారిలోనే జీపు నడిపేవాడు. మేం కారెక్కాక వాడికి రోజూ ముగ్గురు ప్యాసింజర్లు తగ్గారు. పైగా అంతకుముందే అటెండరు సెలవడిగితే మేడం కుదరదన్నారు. అన్నీ కలిపి చూస్తే మాకూ నిజమేననిపించింది. ఆయన కారు నీడన కూర్చుని బీడీ వెలిగించుకుంటే, చేతిలో అగ్గిపెట్టేనా, ఇంకేమన్నానా అని నేను కిటికీలోంచి తొంగిచూశాను.

మేడం కారును తన గది ఎదురుగా పెట్టించారు. బానెట్ అంచున, డిక్కీ అంచున కాగితం ముక్కలు అంటించారు. చక్రం చుట్టూ నేలమీద సుద్దగీత గీశారు. సాయంత్రానికి కాగితాలు చెక్కుచెదరలేదు, గీత చెరగలేదు. చప్పుడు మాత్రం వచ్చింది. అప్పుడైనా అనుమానం తగ్గాలి కదా. తగ్గలేదు. "తెలివిగల్లోడు. కిందికెళ్లి చేస్తున్నడు" అన్నారు.

మర్నాడు అటెండరు దగ్గర బడి తాళాలు తీసేసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. చెప్పకపోయినా స్టాఫు రూములో అందరికీ తెలిసింది, అక్కణ్నుంచి జీపుల్లో లింగంపేటకు చేరింది. ఒకరోజు ఆయన నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, బండి కింద నేనేం జేస్త? నాకు సైకిలు పంచరే ఏసుకోరాదు. మా వాడకట్టుల నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నరు. మీరొక్క మాట చెప్పండి."

నేను చెప్పాను. మేడం విని, "నువ్వు చూసినవా?" అన్నారు. చూడలేదన్నాను. "మరి?" అన్నారు. పై ఆఫీసుకు రాసి ఆయన్ని జుక్కల్ వైపు పంపించే ఆలోచనలో ఉన్నారని హిందీ టీచరు చెప్పింది. అంత దూరం వేస్తే ఆ మనిషి ఇల్లూ పిల్లలూ ఏమైపోవాలి?

ఆ వారమే వాన పడింది. బడి వదిలే వేళకు ఆవరణంతా నీళ్లు. దారి పొడుగునా గుంతలు నిండి ఉన్నాయి, కారు వాటిలోంచి చిమ్ముకుంటూ పోయింది. సగం దూరం వచ్చాక మేడం వేగం తగ్గించారు. కావాలని ఒక గుంతలోకి దింపారు. చప్పుడు లేదు. ఇంకో గుంతలోకి దింపారు. లేదు. ఇల్లు చేరేదాకా గుంత వచ్చిన ప్రతిచోటా అట్లాగే దింపి చూశారు.

మర్నాడు పొద్దున వచ్చేసరికి కారు నిండా ఎండిన బురద. "ఇయ్యాల కడగలేదు" అన్నారు, అంతే. వీధి చివరి గుంతలోనే కీచుమంది. పొద్దున పూట ఆ చప్పుడు వినడం మాకదే మొదటిసారి. హిందీ టీచరు నా చెయ్యి పట్టుకుంది. మేడం చూపు రోడ్డు మీద నుంచి కదల్లేదు.

ఊరు దాటాక ఒక బోరింగు దగ్గర కారు ఆపారు. టిఫిన్ డబ్బా ఖాళీ చేయించి, నీళ్లు పట్టి, ముందు చక్రాల లోపల పోశారు. కాస్త దూరం నడిపి వచ్చారు. చప్పుడు అట్లాగే ఉంది. వెనక కుడి చక్రం వైపు పోశారు. ఉంది. వెనక ఎడమవైపు, బండి బరువు మోసే ఇనుప కమాను పట్టీల దగ్గర పోశారు. పోయింది. బోరింగు దగ్గర బిందెలతో వచ్చిన ఆడవాళ్లు, చీర మోకాళ్లదాకా తడిసి బురదలో వంగి ఉన్న పంతులమ్మను వింతగా చూస్తున్నారు.

కమాను పట్టీ కొసన ఉండే రబ్బరు బుష్షు అరిగిపోయింది. ఎండితే అరిచేది, తడిస్తే ఊరుకునేది. రోజూ పొద్దున మేడం పోసే నీళ్లు దాని నోరు మూయించేవి. మధ్యాహ్నం ఎండకు ఆరిపోయి సాయంత్రం మళ్లీ మొదలుపెట్టేది. కడగకుండా షెడ్డుకు తీసుకుపోవడం ఆమెకు నామోషీ, కాబట్టి అక్కడ ఎప్పుడూ వినబడలేదు. తర్వాత మెకానిక్ చిన్న రబ్బరు ముక్కలు రెండు మార్చాడు, మళ్లీ ఆ చప్పుడు రాలేదు.

ఆ రోజు బడికి చేరగానే తడిచీరతోనే మేడం స్టాఫు రూముకు వచ్చారు. అటెండర్ను పిలిపించారు. తాళాల గుత్తి బల్లమీద పెట్టారు.

"నీ మీద అనుమానం పెట్టుకున్న. అందరికి తెలిసేటట్టు పెట్టుకున్న, అందరి ముందటనే చెప్తున్న. తప్పు నాది" అన్నారు.

ఆయన తాళాలు ముట్టుకోలేదు. "బడిల అన్నరు మేడం, మంచిదే. మా వాడకట్టుల ఎవరు చెప్పాలె?"

ఆమెతో అట్లా మాట్లాడినవాళ్లను మేమెవరమూ చూడలేదు. మేడం "బడి ఇడిసినంక నువ్వు బండెక్కు" అన్నారు.

అనుమానించడం చాలామందికి వచ్చు. అది తప్పని తేలాక, ఆ మాట ఎంతదూరం పాకిందో అంతదూరమూ వెనక వెళ్లి దాన్ని తీసేసి రావడం నేను ఆమెలోనే చూశాను. ఆ తర్వాత ఆమె మారిపోయారని చెప్పను. తాళం రెండోసారి లాగడం మానలేదు. కానీ మనిషి మీద మాట వేసేముందు, ఆ మనిషినే పిలిచి అడిగేవారు. నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాక ఆ అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది.

ఆ సాయంత్రం అటెండరు ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. లింగంపేటలో ఆయన ఇల్లున్న వాడలోకి కారు పట్టదు. దిగి నడిచాం. అరుగు మీద ఆయన భార్య, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. చేతులు ఆపలేదు.

మేడం అరుగు కింద నిలబడే చెప్పారు. "అవ్వా, నీ ఇంటాయనను నేను దొంగ లెక్క చూసిన. ఆయన ఏం జెయ్యలే. చప్పుడు బండిలనే ఉన్నది. రోజు పొద్దున కడిగి దాన్ని దాసిపెట్టింది నేనే. గిది మీ అందరికి చెప్పిపోదామని వచ్చిన."

అటెండరు భార్య తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ఆకు చుట్టడం పూర్తిచేసి, దారం కట్టి, బీడీని కట్ట మీద పెట్టింది. అంతసేపూ మేడం నిలబడే ఉన్నారు. అప్పుడామె తన పక్కనున్న చాటను జరిపి, చాప మీద పడిన తంబాకు పొడిని అరచేత్తో ఒక్కసారి తుడిచి, చోటు చేసింది. మేడం చెప్పులు విడిచి ఆ చోట్లో కూర్చున్నారు. పొద్దుటి బురద ఎండిన చీర కుచ్చిళ్ల మీద తంబాకు పొడి రాలుతోంది. ఆమె దాన్ని దులుపుకోలేదు.